చల్లారిన కొలిమిలో పదకొండు వందల ఎనభై

“నిద్దరోయాను బాబూ. రాసేసుకోండి. బస్, ఖతం.”

జోగయ్య ఆ మాట అనడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒకే గొంతు, ఒకే వరస. నిజం చెప్పేవాడు చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒక ముక్క అటూ ఇటూ చేస్తాడు. కంఠతా పట్టినవాడే తడుముకోకుండా అప్పజెబుతాడు. ముందు రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివుగా ఇలాంటి అప్పజెప్పుళ్ళు విని విని నా చెవులు కాయలు కాశాయి. అవి పండేలోగా నేను పడుకుంటే బాగుండునని ఉంది. ఈ మధ్య కేసు తేలితే బాగుండునని కాదు, కుర్చీ దొరికితే బాగుండునని ఉంటోంది.

ఊర్లా పోలీస్ ఠాణాలో కుర్చీలు లేవు. ఊర్లా అని పేరే గాని ఆ పేట ఊర్లా ఉండదు కదా, అలాగే ఠాణా అన్నారు గాని ఠాణాలా లేదు, గోదాములా ఉంది. జోగయ్య పక్కనే నేల మీద చతికిలబడ్డాను. నా మోకాళ్ళు నాకన్నా ముందే ఫిర్యాదు చేశాయి.

సంగతి ఇదీ. సోన్‌ఝరీ రోలింగ్ మిల్లులో ఇనప దిమ్మెల్ని ఎర్రగా కాల్చే పెద్ద కొలిమి ఉంది. దాన్ని ఫర్నేసు అంటారు. మిల్లు యజమాని సేఠ్‌గారి కలిమి అంతా ఆ కొలిమిలోంచి వచ్చిందే. నాలుగు రోజుల కిందట పొద్దుటి షిఫ్టులో దాని ఇటుకల కప్పు కూలింది. కింద మంట చూసుకునే అచ్చయ్య అందులోనే పోయాడు. గాజుగది లోపల కూర్చుని కంప్యూటర్లో వేడి చూస్తూ, చమురు చక్రం తిప్పి మంట పెంచేవాడు, తగ్గించేవాడు జోగయ్య. ‘వాడు నిద్రపోయాడు, వేడి మితిమీరింది, కప్పు కూలింది’ అని మిల్లువాళ్ళు ముద్ర వేశారు. నిద్ర అని ముద్ర. జోగయ్య పెళ్ళాం నాంచారమ్మ మోవా పేటలో నా ఇంటికొచ్చి, “పరదేశి అన్నా, ఈ బరువు నువ్వే మొయ్యాల” అంది. పేటకి ఆ పేరు పెట్టినవాణ్ణి తిట్టుకుంటూ మోశాను.

దరోగా, అంటే ఆ ఠాణా ఎస్సై, ఠాకూర్ సాబ్ నాకిచ్చిన గడువు సాయంత్రం దాకా. ఆ తర్వాత జోగయ్య చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేయించి కోర్టుకి పంపిస్తాడు.

“ఎన్నింటికి నిద్రపోయావు?”

“తొమ్మిదిన్నరకి.”

“లేచింది?”

“కప్పు కూలినప్పుడు. పదింపావు.”

“మధ్యలో?”

“మద్దిలో నిద్దరే గదా. మద్దిలో ఇంకేటుంటది?”

“కల.”

జోగయ్య నవ్వలేదు. నా జోకులకి నవ్వనివాళ్ళంటే నాకు అనుమానం. నవ్వేవాళ్ళంటే ఇంకా అనుమానం.

“మా ఆయన ఇంట్లో రాత్రిపూటే కన్ను మూయడు, డూటీలో మూస్తాడా అంది మీ ఆవిడ.”

“దానికేటి తెలుసు బాబూ, ఇంట్లో కూకునేదానికి.”

“అచ్చయ్య నీకేమవుతాడు?”

అప్పుడు మొదటిసారి నేల మీంచి చూపు ఎత్తాడు. “ఏటవుతాడు? సుట్టం కాడు, పక్కం కాడు. బీర్‌గావ్ బస్తీలో ఒకే గోడకి ఆడు అటు, నేను ఇటు. ఆడింట్లో కూరొండితే మా ఇంట్లో అన్నం తినేవోళ్ళం.”

“అంతటివాడి చావు నీ నెత్తినేసుకుంటే వాడికేం సుఖం?”

“సచ్చినోడికి సుకమేటి? బతికున్నోల్ల సంగతి సూడాల.”

అని గబుక్కున నోరు మూసుకున్నాడు. అప్పజెప్పే పాఠంలో లేని వాక్యం అదొక్కటే. దాన్ని జేబులో వేసుకుని లేచాను. లేవడానికి గోడ సాయం చేసింది, జోగయ్య కూడా ఒక చెయ్యి ఇచ్చాడు. జైలుకి పోతున్నవాడు నన్ను లేవదీశాడు.

*

మిల్లులో గాజుగది తాళం చిన్నారావు దగ్గర ఉంది. పేరులోనే చిన్న, బిల్లులో పెద్ద. ఒకప్పుడు రైల్వేలో నా దగ్గర సిగ్నల్ తీగలకి గ్రీజు పూసేవాడు. ఇప్పుడు భిలాయ్‌లో సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకుని సేఠ్‌ల మాటలకి గ్రీజు పూస్తున్నాడు. సఫారీ సూటు, మెడకి సెంటు, చంకలో ఈ ప్రమాదం మీద మిల్లు కోసం రాసిన రిపోర్టు ఫైలు.

“రండి గురువుగారూ. ఎండనపడి వచ్చారు. కేసు తేలిపోయాక రావడం మీకు మామూలే గదా.”

“తేలింది కేసు కాదురా, తేలు. చెయ్యి పెడితే తెలుస్తుంది. తాళం తియ్.”

“తీస్తాను. ఏమీ లేదు లోపల. ప్రమాదం జరిగిన గంటకే మూసేశాం. పురుగు కూడా దూరలేదు. జోగయ్య ఒప్పుకున్నాడు, నా రిపోర్టు అయిపోయింది. మీరెందుకండీ ఈ వయసులో...”

“ఈ వయసులో ఇంకేం చేస్తే బాగుంటుందో నాకూ తోచక వచ్చాను.”

గది చిన్నది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, పక్కన గోడకి చమురు చక్రం. గాజు అవతల కూలిన కొలిమి, పైకప్పు లేకుండా ఆకాశాన్ని చూస్తోంది. నేను ముందు చక్రం చూశాను.

“దీన్ని ఎవరైనా తాకారా?”

“లేదు. చమురు బయట మెయిన్ దగ్గర కట్టేశారు. ఇది ఎలా ఉందో అలాగే ఉంది.”

“మామూలుగా ఎంత తెరుస్తారు?”

“సగం. అదిగో, సగం దగ్గర ఎర్ర పెయింటు గుర్తు.”

“ఇప్పుడెంత ఉంది?”

చిన్నారావు వంగి చూశాడు. చక్రం దాదాపు చివరిదాకా తిరిగి ఉంది.

“నిద్రపోయేవాడు చక్రం ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది చిన్నారావూ. ఇదెవరు తిప్పారు? గురక తిప్పిందా?”

“నిద్రపోయే ముందే తెరిచేసి ఉండొచ్చు.”

“చివరిదాకా తెరిచి ముప్పావుగంట నిద్రపోతే కప్పు అంతసేపు ఆగేదా? ఇది ఒక్కసారి తిప్పింది కాదు. కొంచెం, ఇంకొంచెం, ఇంకొంచెం. మేలుకున్నవాడి పని. కూర చప్పగా ఉందని ఉప్పు వేసినట్టు వేసుకుంటూ పోయాడు. చాలట్లేదని వాడికి ఎవరు చెప్పారు?”

చిన్నారావు మళ్ళీ ఎర్ర గుర్తు కేసి వంగాడు. నేను అలసటగా కంప్యూటరు ముందున్న ముక్కాలి పీట మీద కూలబడి, ఎదురుగా ఉన్నది చూశాను. అప్పుడు నా అలసట కాసేపు ఎక్కడికో పోయింది.

తెర మీద పెద్ద అంకెలు: 1180.

“ఇది వెలుగుతూనే ఉందా?”

“దానికి బ్యాటరీ డబ్బా ఉందట. కరెంటు పోయినా ఆగదు. ఎవరూ ఆపలేదు.”

“ఈ అంకె ఏమిటి?”

“కొలిమి వేడి. డిగ్రీల్లో.”

“చిన్నారావూ, ఒక్కసారి గాజులోంచి కొలిమి చూడు.”

చూశాడు. కూలిన ఇటుకల మధ్య, ఎక్కడైతే దిమ్మెలు ఎర్రగా కాలాలో సరిగ్గా అక్కడ, ఒక నల్ల కుక్క వెల్లకిలా పడుకుని పొట్ట ఎండబెట్టుకుంటోంది.

“పదకొండు వందల ఎనభై డిగ్రీల్లో,” అన్నాను, “ఎంత హాయిగా నిద్రపోతోందో చూడు. ఈ మిల్లులో నిద్రపోయినవాళ్ళెవరో నాకిప్పుడు తెలిసింది. దీన్ని కోర్టుకి పంపు.”

చిన్నారావు తేరుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. తెలివైనవాడే, ఆ తెలివిని అద్దెకిచ్చాడంతే. “కంప్యూటర్ కొయ్యబారిపోయింది గురువుగారూ. హ్యాంగు అంటారు. అంతే.”

“మూల గడియారం చూడు. సెకన్లు నడుస్తున్నాయి.”

గదిలోంచి పోయే చమురు గొట్టానికి, కొలిమికి ఉన్నట్టే, వేడి కొలిచి కంప్యూటరుకి చెప్పే తీగ ఒకటి కట్టి ఉంది. దాని అంకె తెర మీద కింద చిన్నగా కనిపిస్తోంది. చిన్నారావు జేబులోంచి లైటరు తీసుకుని ఆ తీగ మొన కింద వెలిగించాను. ముప్పై నాలుగు ఉన్నది యాభై అయింది, ఎనభై అయింది. లైటరు తీసేస్తే దిగడం మొదలుపెట్టింది.

“కంప్యూటరుకి ప్రాణం ఉంది. చమురు తీగ సంగతి నిజమే చెబుతోంది. కొలిమి తీగ సంగతి మాత్రం నాలుగు రోజులుగా ఒకే అబద్ధం చెబుతోంది.”

తీగ లాగితే డొంకంతా కదలాలని పెద్దలన్నారు. ఈ తీగని లాగే పని కూడా లేకపోయింది. గదిలోంచి బయటికొచ్చి కొలిమి బయటిగోడ వెంట చేత్తో తడుముకుంటూ వెళితే, మలుపు దగ్గర ఇనప బ్రాకెట్ అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని రెండుగా తెగి వేలాడుతోంది. కూలిన ఇటుకలు ఆ వైపు ఒక్కటీ పడలేదు.

“కప్పు కూలినప్పుడు ఆ ఊపుకి తెగి ఉంటుంది,” అన్నాడు చిన్నారావు. కానీ గొంతులో గ్రీజు తగ్గింది.

“అప్పుడే తెగి ఉంటే, తెగే ముందు చెప్పిన ఆఖరి మాట ఏమై ఉండాలి? కప్పు కూల్చేంత వేడి. పధ్నాలుగు వందలో, పదిహేనొందలో. గదిలో తెర పదకొండు వందల ఎనభై అంటోంది. అంత వేడికి ఈ ఇటుకలు ఏళ్ళ తరబడి కూలలేదు. అంటే తీగ ముందు చచ్చింది. తర్వాత వేడి పెరిగింది. చెప్పే నాథుడు లేడు. దిమ్మెలు కాలడానికి కావలసిన పన్నెండొందలు రావాలని జోగయ్య ఎదురుచూస్తున్నాడు. అంకె కదలదు. చమురు ఇంకొంచెం. అంకె కదలదు. ఇంకొంచెం. బయట మంట రంగు మారిందని అచ్చయ్యకి అనుమానం వచ్చి దగ్గరికెళ్ళి ఉంటాడు.”

మళ్ళీ గాజుగదిలోకి వచ్చి పీట మీద కూర్చున్నాను.

“తీగ తెగితే కంప్యూటరు చెప్పొద్దా?” అన్నాడు చిన్నారావు వెనకే వస్తూ.

“అది చెప్పాల్సింది డ్రైవరు.”

“డ్రైవరా? ఆ రోజు మిల్లు లారీలు లోపలికే రాలేదండీ.”

నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక రాలేదు. “లారీ డ్రైవరు కాదు నాయనా. తీగ వచ్చి కంప్యూటరు లోపల ఒక కార్డుకి తగులుతుంది. ఆ కార్డు భాష కంప్యూటరుకి రాదు. మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని డ్రైవరంటారు. కార్డు ‘నాకేమీ వినబడట్లేదు’ అంటే ‘అయ్యా, వినబడట్లేదట’ అని చెప్పడం దాని పని. ఈ దుబాసీ ఏం చేశాడు? వినబడకపోతే ఇందాక విన్న మాటే మళ్ళీ చెప్పాడు. మర్యాదస్థుడు. నువ్వూ నేనూ రైల్వేలో ఏం నేర్చుకున్నాం? సిగ్నల్ తీగ తెగితే ఏమవుతుంది?”

“చెయ్యి అడ్డం పడుతుంది,” అన్నాడు చిన్నారావు, పాత అలవాటున, నిటారుగా నిలబడి. “రైలు ఆగిపోతుంది.”

“తీగ తెగినప్పుడు ‘పద, దారి బాగుంది’ అనే సిగ్నల్ ఎక్కడైనా చూశావా?”

చూడలేదని తల ఊపాడు. నాకు వాడి మీద కాస్త ఆశ పుట్టింది. అది నా వృత్తి దోషం.

“ఇది రాసిందెవరు?”

“సుభద్ర అని పండరీ పేటలో కంప్యూటర్ క్లాసులు చెప్పే అమ్మాయి. మిల్లు కంప్యూటర్ పనులన్నీ ఆమే చూస్తుంది.” గడియారం చూసుకున్నాడు. “నేనే జీపు పంపించాను. మిషను బాగానే పనిచేసిందని ఆమె చేత ఒక మాట రాయించుకుంటే రిపోర్టుకి బలం. ఆ మాట ఆమె అంటే కోర్టులో ఎవరూ నోరెత్తరు. చచ్చిపోయినవాడి సొంత కూతురే గదా.”

పీట మీంచి లేవబోతున్నవాణ్ణి మళ్ళీ కూలబడ్డాను.

బతికున్నోల్ల సంగతి సూడాల.

జోగయ్యకి తెలుసు. చక్రం తిప్పినవాడు, అంకె కదలకపోవడం కళ్ళారా చూసినవాడు, కప్పు కూలిన మరుక్షణమే లెక్క కట్టుకుని ఉంటాడు. కంప్యూటరు అబద్ధం చెప్పిందంటే ఆ డబ్బాకి మాటలు నేర్పినదెవరని అడుగుతారు. అడిగితే, గోడకి అవతల పెరిగిన పిల్ల, నాన్న చావు తన చేతి మీదుగా జరిగిందని తెలుసుకుని బతకాలి. అంతకన్నా తను నిద్రపోవడం నయం అనుకున్నాడు. నిద్దరోయాను బాబూ. రాసేసుకోండి.

“జీపు వెనక్కి పంపెయ్,” అన్నాను.

“ఎందుకు?” అంటూండగానే చిన్నారావుకీ వెలిగింది. వెలుగు చూస్తే భయమేసింది నాకు. “అంటే... జోగయ్య నిద్ర కాకపోతే, ఈ అమ్మాయి తప్పు. ఎటు తిరిగినా సేఠ్‌గారి తప్పు కాదు. గురువుగారూ, మీరు నా రిపోర్టుకి రెండో తలుపు కూడా తెరిచారు.”

“ఆ రెండో తలుపులోంచి నిన్ను అవతలికి తోసేస్తాను. జీపు వెనక్కి పంపు.”

పంపక్కర్లేకపోయింది. అప్పటికే మెట్ల మీద చప్పుడు.

*

సుభద్రకి పాతికేళ్ళు ఉండవు. నూనె లేని జుట్టు, నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్ళు.

“పరదేశి మామయ్యగారూ, మీరిక్కడున్నారని నాంచారమ్మ పిన్ని చెప్పింది. జోగయ్య బాబాయి నిద్రపోయే మనిషి కాదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను. ఈయన ఏదో రాయమంటున్నారు గానీ, నేను రాసేది అదే.”

నేను తెరకి అడ్డంగా నిలబడ్డాను. నా పొట్ట నాకు పనికొచ్చిన ఏకైక సందర్భం అదే. “పదమ్మా, బయట మాట్లాడుకుందాం. ఇక్కడ ఉక్కగా ఉంది.”

ఆమె గాజులోంచి కొలిమి వైపు చూసింది. నాన్న పోయిన చోటు ఎవరైనా చూస్తారు. చాలాసేపు చూసింది. కుక్క ఒళ్ళు విరుచుకుని ఇంకో పక్కకి తిరిగింది. తర్వాత, అడగకుండా, నా భుజం పక్కనుంచి తెర వైపు చూసింది.

ప్రపంచంలో ఆ అంకెకి అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేని మనిషి ఆమె ఒక్కతే.

“కంప్యూటర్ పాడైందమ్మా. హ్యాంగట,” అన్నాను. ఇంతమంది అబద్ధాలు పట్టుకున్నవాడికి ఒక్క అబద్ధం సరిగా ఆడడం రాలేదు.

“లేదు మామయ్యగారూ. గడియారం నడుస్తోంది.” గొంతు మామూలుగానే ఉంది. అదే భరించలేకపోయాను. “తీగ ఎక్కడ తెగింది?”

“మలుపులో. బ్రాకెట్ దగ్గర.”

పీట మీద కూర్చుంది. కీబోర్డు మీద చేతులు పెట్టింది గాని ఏమీ నొక్కలేదు.

“మొదట్లో కార్డుతో వచ్చిన డ్రైవరు ఒకటుండేది. కరెంటు ఊగినా, దుమ్ము పడినా, తీగ వదులైనా, ఏదైనా సరే ‘ఎర్రర్ ఏడు’ అనేది. ఏది ఎందుకో చెప్పదు. కుయ్యిమని అరిచి చమురు ఆపేసేది. దిమ్మెలు సగం కాలి అతుక్కుపోయేవి. గడ్డపారలతో ఊడబెరకాలి.”

“ఏడు అన్నప్పుడల్లా ఏడుపే అన్నమాట,” అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోరు అలవాటు.

“నాన్నా అదే అనేవాడు.” చేతులు ఒళ్ళోకి తీసుకుంది. “నేను కూర్చుని పన్నెండు రకాలు విడదీసి రాశాను. తీగ తెగితే తీగ తెగిందని, ఏ తీగో, ఏం చెయ్యాలో. కరెంటు ఊగితే చమురు ఆపక్కర్లేదని. మిల్లు మేనేజరు చూసి, ఇన్ని తప్పులా, సేఠ్‌గారు ఇన్ని లక్షలు పోసింది తప్పులు చదవడానికా, సరుకు కొనేవాళ్ళు వచ్చి చూస్తే పరువేం కావాలి అన్నాడు. తీసేయమన్నాడు. మళ్ళీ ఏడే మిగిలింది. మళ్ళీ అరుపులు. అరిచినప్పుడల్లా బాబాయిని నలుగురిలో తిట్టేవాడు. ఒకరోజు నాన్న వచ్చి, ‘అమ్మా, జోగయ్యని అలా తిడుతుంటే నేను చూళ్ళేకపోతున్నాను, ఆ అరుపేదో ఆపు’ అన్నాడు. ఆపాను. వినబడకపోతే ఇందాకటి అంకే చూపించమని రాశాను. రెప్పపాటు కోసం రాశాను మామయ్యగారూ. రెప్పపాటు దాటితే ఏం చెయ్యాలో రాయలేదు.”

చిన్నారావు ఫైలు చంకలోంచి తీసి గుండెకి ఆనించుకున్నాడు. మేనేజరు మాట వచ్చినప్పటినుంచీ వాడి ముఖం మారింది. రెండు తలుపులనుకున్నది, మూడో తలుపు నేరుగా సేఠ్ గదిలోకే తెరుచుకుంది.

“తీసేయమన్నది నోటి మాటా?” అన్నాను.

“నోటి మాటే. ఆ పన్నెండు రకాలదీ ఇంట్లో ఫ్లాపీలో ఉంది. కానీ నేను ఎందుకు వేయలేదో దానిమీద రాసి ఉండదు కదా.”

“అక్కర్లేదు. ఈ అంకె చాలు. ఈ తెరా, ఆ చక్రం, ఆ తీగా. దరోగా వచ్చి కళ్ళారా చూస్తే జోగయ్య నిద్రపోలేదని తేలుతుంది. తర్వాత మేనేజర్ని నేను చూసుకుంటాను. నీ సంగతి...”

బల్ల మీద ఫోను మోగింది. నేనే తీశాను. ఠాణా నుంచి ఠాకూర్ సాబ్. సాయంత్రం దాకా ఆగుదామనుకున్నాడట గాని, ముద్దాయే తొందరపెట్టాడట. సంతకం అయిపోయింది. కాగితాలు కోర్టుకి బయల్దేరుతున్నాయి.

“ఏమన్నారు?” అంది సుభద్ర.

“జోగయ్య సంతకం పెట్టేశాడు.”

“ఏమని?”

“నిద్రపోయానని.”

ఆమె నా వైపు చూసింది. ఎందుకు పెట్టాడో నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. గోడకి ఇవతలి మనిషి సంగతి గోడకి అవతల పెరిగినవాళ్ళకి తెలీదా? ఫోను నా చేతిలోంచి మెల్లిగా తీసుకుంది. హిందీలో, క్లాసులో పాఠం చెప్పినట్టు స్పష్టంగా మాట్లాడింది.

“ఠాకూర్ సాబ్, నేను అచ్చయ్య కూతుర్ని. కాగితాలు పంపకండి. జోగయ్య బాబాయి సంతకం కింద జాగా ఉందా? ... నా సంతకానికి. ఆయన మేలుకునే ఉన్నాడు. అబద్ధం చెప్పింది నేను రాసిన డ్రైవరు. మీరొచ్చి చూడండి, ఇంకా చెబుతూనే ఉంది.”

నేను ఆమెనే చూస్తున్నాను. నాలాంటివాడు ఒక గదిలో చూడాల్సిన వైపు వదిలేసి ఇంకో వైపు చూడటం అంటే అదే. బల్ల కింద ‘టిక్’మని చిన్న చప్పుడయింది.

కంప్యూటరు లోపలి గాలి రొద ఆగిపోయింది. తెర ఒక్కసారి చుక్కలా కుంచించుకుపోయి నల్లబడింది. నాలుగు రోజులుగా ఆ అంకె బతికున్నది ఆ కంప్యూటరు జ్ఞాపకంలోనే. ఇంకెక్కడా లేదు.

బల్ల కిందికి వంగిన చిన్నారావు నిదానంగా లేచి సఫారీ సర్దుకున్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

“కరెంటు పోయినట్టుంది గురువుగారూ,” అన్నాడు.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.